అబ్బాస్ చాచా ఏడ్చిన సినిమా

ఆ శనివారం పొద్దున అబ్బాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు టీ తాగాలి. పదింటికి దుకాణానికి పోతున్నానని ఇంట్లో చెప్పి బయటపడాలి. పదకొండింటికి సినిమా హాల్లో కూర్చుని రెండు గంటలు ఏడ్వాలి. ఆ తర్వాత మొహం కడుక్కుని మధ్యాహ్నం నమాజుకు పోవాలి. తొమ్మిది రోజులుగా ఇదే పని చేస్తున్నాడు, ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

బోర్డుల మీద మహబూబాబాద్ అని, నోళ్ళలో మానుకోట అని ఉండే ఆ ఊళ్ళో అబ్బాస్ ముప్ఫై నాలుగేళ్ళుగా టైలరు. అతని భార్య గుల్షన్ బేగం పోయి ఆ రోజుకు పదమూడు రోజులు. భార్య పోయిన మనిషికి ఏడ్వడానికి సినిమా హాలే దొరికిందా అని మీరు అడుగుతారు. అడగండి. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు ఏడ్వడానికి చోటు దొరకడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు. మీకా అవసరం రాకూడదనే నా కోరిక.

ఇల్లు చూస్తే రెండు గదులు. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యేదాకా కదిలేది లేదని కూర్చున్న చుట్టాలు పదకొండు మంది. అబ్బాస్ కళ్ళు కొంచెం తడిస్తే చాలు, "సబర్ కరో మియా, సబర్" అని ఒకరు భుజం పట్టుకునేవారు, ఇంకొకరు టీ తెచ్చి చేతిలో పెట్టేవారు. ఓర్చుకొమ్మని చెప్పడం తప్పేమీ కాదు. కానీ చెప్పినప్పుడల్లా ఒక టీ తాగాల్సి రావడంతో అతనికి దుఃఖం లోపలే ఉండిపోయి, పైనుంచి గ్యాస్ కూడా మొదలైంది. స్నానాల గది ఒక్కటే. గడియ పెట్టిన రెండో నిమిషానికి ఎవరో తలుపు కొట్టేవారు. దుకాణంలో కూర్చుంటే, వచ్చినవాళ్ళు "అయ్యో పాపం" అని, వెంటనే "నా ప్యాంటు అయిందా?" అనేవారు. ఖబ్రస్తాన్‌కు పోతే, అక్కడి కాపలా మనిషి అతన్ని ఒంటరిగా వదలడం బాగుండదని పక్కనే నిలబడి తన మోకాళ్ళ నొప్పుల సంగతంతా చెప్పేవాడు.

దీనికి తోడు ఊరంతా అతన్ని రాతిగుండె మనిషి కింద జమకట్టేసింది. అది ఎట్లా జరిగిందో చెప్పాలి. ఆ వీధిలో ఎవరు చనిపోయినా ఇరవై ఏళ్ళుగా కఫన్ బట్ట కత్తిరించేది అబ్బాసే. గుల్షన్ పోయిన రోజు కూడా ఎవరో అలవాటు కొద్దీ తెల్లబట్ట తాను, కత్తెర తెచ్చి అతని ముందు పెట్టారు. అయ్యో ఇయ్యాల వద్దని పక్కవాళ్ళకు తోచేలోగా అతను కత్తిరించేశాడు. టేపు పెట్టలేదు. చెయ్యి వణకలేదు. ఒక్క చుక్క రాలలేదు. వాకిలి నిండా ఉన్న జనం అది చూశారు.

గుమ్మంలో నిలబడి కూతురు హఫ్సా కూడా చూసింది. ఆమె భూపాలపల్లిలో నర్సు. ఆ రోజు నుంచి తండ్రితో అవసరమైన నాలుగు మాటలు తప్ప మాట్లాడలేదు. ఊరు రాయి అన్నా అబ్బాస్ పట్టించుకునేవాడు కాడు. ఉన్న ఒక్క కూతురు తన మొహంలోకి చూడకుండా కంచం పెట్టి పోవడం మాత్రం అతనికి అన్నం దిగనివ్వలేదు. ఆమెకు ఒక్కమాట చెప్పుకోవాలంటే పదకొండు మంది మధ్యలో చెప్పుకోవాలి.

ఇక సినిమా హాలు సంగతి. మూడో రోజు సమాధి దగ్గర జియారత్ అయిన మర్నాడు ముసురు పడుతుంటే అబ్బాస్ ఒక పాత సినిమా హాలు ముందు, పోస్టరు కింద నిలబడ్డాడు. గేటు దగ్గరి కిషన్ చూసి, "చాచా, లోపట నలుగురే ఉన్నరు. ఐదుగురన్న లేకుంటె బొమ్మెయ్యద్దన్నరు. జరంత లోపట కూసో, వానకు తడుసుడు తప్పుతది" అన్నాడు. అబ్బాస్ కూర్చున్నాడు. దీపాలు ఆరిపోయాయి. ఎదురుగా ఎవరో ఎవరినో కొడుతున్నారు, ఆ చప్పుడులో తన గొంతు తనకే వినబడలేదు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. శుక్రవారం సినిమా మారింది, అదీ అతనికి తెలియదు. తెర వైపు చూస్తే కదా.

శనివారం కూడా అన్నీ సరిగ్గానే నడిచాయి. ఒంటిగంటకు రుమాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. గేటు ముందు ఆటో ఆపుకుని లింగ్యా నిలబడి ఉన్నాడు.

లింగ్యాది బయ్యారం దగ్గరి తండా. బయ్యారం నుంచి మానుకోటకు ఆటో నడుపుతాడు. ఏ సినిమా బాగుందో ఏది బాగాలేదో ఎక్కినవాళ్ళందరికీ చెప్పడం అతని అలవాటు. పేపర్లో వచ్చే రివ్యూ కంటే లింగ్యా మాట మీదే అక్కడివాళ్ళకు నమ్మకం. చాలా మంచి మనిషి. ఈ కథలో జరిగిన నష్టమంతా ఆ మంచితనం వల్లనే జరిగింది.

"చాచా! సినిమాకొచ్చినవా?" అన్నాడు లింగ్యా.

"ఊఁ."

"కండ్లేంది గట్ల ఎర్రగైనయ్? ఏడ్సినవా ఏంది?"

కంట్లో దుమ్ము పడిందందామంటే ముసురు. కళ్ళు నొస్తున్నాయంటే లింగ్యా అప్పటికప్పుడు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోతాడు, అంత మంచివాడు. పెళ్ళాం పోయిన నలభై రోజుల్లో సినిమా హాల్లో కూర్చుని పెళ్ళాం కోసమే ఏడుస్తున్నానంటే నమ్మేదెవరు?

"సినిమా... జర దిల్‌కు తాకింది లింగ్యా."

లింగ్యా తలెత్తి పోస్టరు చూశాడు. 'దయ్యానికి పెండ్లిచూపులు' అని రాసి ఉంది. కింద పళ్ళు బయటపెట్టిన ఆడదయ్యం అరటిపళ్ళ పళ్ళెం పట్టుకుని సిగ్గుపడుతోంది.

"గిదా?"

"గదే."

"గిది నవ్వుల సినిమా గాదు?"

"పైకి గట్లనే ఉంటది. లోపట వేరే ఉన్నది. చూస్తెగాని తెల్వది" అన్నాడు అబ్బాస్. ఒకసారి మొదలుపెట్టాక అబద్ధం దానంతట అదే నడుస్తుంది. "ఇంట్ల మాత్రం చెప్పకు లింగ్యా. నలభై దినాలు గాకముందే సినిమాకు పోయిండని తెలిస్తె ఇజ్జత్ పోతది."

"నీ పేరెత్తితె ఒట్టు చాచా" అన్నాడు లింగ్యా.

ఆ ఒట్టు అతను నిలబెట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆటో ఎక్కిన ఎనిమిది మందిలో ఏ ఒక్కరికీ పేరు చెప్పలేదు.

"పేరు మాత్రం చెప్ప. ఒక పెద్దమనిషి. బట్టలు కుడతడు. పెండ్లాం సచ్చిన్నాడు గూడ కండ్ల నీళ్ళు పెట్టనోడు. గసుంటోడు గా సినిమా చూసి రుమాలు పిండుకుంట బయటికొచ్చిండు. నా కండ్లతోని చూసిన."

"అబ్బాస్ భాయేనా?" అంది వెనక సీట్లోంచి కనకలక్ష్మి. గార్లలో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మనిషి.

"పేరు చెప్పనన్న గద టీచరమ్మా!"

కనకలక్ష్మి ఆదివారం పొద్దుటి ఆటకే పోయింది. పమిట కొంగు చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. దయ్యం వచ్చింది, పళ్ళు చూపించింది. పెళ్ళిళ్ళ పేరయ్య మెట్ల మీది నుంచి జారాడు. ఇంటర్వెల్ అయింది. దయ్యం జుట్టు సీలింగు ఫ్యానులో చిక్కింది. సినిమా అయిపోయింది. ఆ ఏడ్పు సీను ఎప్పుడు వచ్చిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. హాలు బయట చాలాసేపు నిలబడి ఆలోచించింది. భార్య పోయినా ఏడ్వని మనిషే ఈ సినిమాకు ఏడ్చాడు. తనకు ఏడుపు రాలేదంటే లోపం ఎవరిలో ఉన్నట్టు?

అందుకని లింగ్యా ఎదురొచ్చి "ఎట్లున్నది టీచరమ్మా?" అని అడిగినప్పుడు ఆమె నిట్టూర్చింది.

"మాటల్ల చెప్పేది గాదు లింగ్యా. చూస్తెనే తెలుస్తది."

"ఏడ్సినవా?"

"అయ్యో, ఏడ్వకుంట ఎట్లుంటరు! మనుషులమే గద!"

ఈ చివరి మాట చాలా ప్రమాదకరమైనది. ఆ తర్వాత సినిమా చూసిన ఎవరూ ఏడ్వలేదని చెప్పలేకపోయారు. చెప్తే మనుషులు కాకుండా పోతారు. ఆదివారం సాయంత్రానికి మహిళా సంఘంలో అదే ముచ్చట. ఇంటర్వెల్ ముందు వస్తుంది ఆ సీను అని ఒకామె అంటే, కాదు, దయ్యం టీ గ్లాసు తిరిగిచ్చే దగ్గర అని ఇంకొకామె. "రుమాలు సాలది, తువ్వాల కొంచవోండ్రి" అని ఎవరో పంపిన వాయిస్ మెసేజీ గార్ల దాకా, బయ్యారం దాకా ఫోన్లలో తిరిగింది. నిజం చెప్పిన మనిషి ఒక్కతే, లింగ్యా భార్య రుక్కి. చూసి వచ్చి, తనకు నవ్వొచ్చిందని తమ భాషలో మొగుడికి చెప్పింది. "నీకు సమజ్ గాలే" అన్నాడు లింగ్యా. ఆమె రాత్రంతా అవమానపడి, సోమవారం పొద్దున తండాలో పదిమంది ఆడవాళ్ళకు తాను వెక్కివెక్కి ఏడ్చానని చెప్పింది. వాళ్ళు పదిమందీ అదే ఆటోలో బయలుదేరారు.

సోమవారం పదకొండింటికి అబ్బాస్ హాలుకు పోయేసరికి గేటు ముందు గొడుగుల వరుస. తప్పు చోటికి వచ్చాననుకున్నాడు. కిషన్ పరిగెత్తుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చాచా, నీ నోటి చలవ! గీ శుక్రారం ఎత్తేద్దామనుకున్న సినిమా. ఇంకో వారం ఆడిస్తరట. రా, నీకు నడిమిట్ల మంచి సీటు పెట్టిన."

ఆ నడిమి సీట్లో అబ్బాస్ ఇరుక్కుని కూర్చున్నాడు. రెండు పక్కలా జనం. ముందు వరుసవాళ్ళు కూడా తెర వైపు కాకుండా మెడ తిప్పి అతని వైపు చూస్తున్నారు. ఏ సీను దగ్గర ఏడ్వాలో అతన్ని చూసి తెలుసుకోవాలని వాళ్ళ ఆశ. పక్కాయన అయిదు నిమిషాలకోసారి "ఇప్పుడేనా చాచా?" అని చెవిలో అడుగుతున్నాడు. అబ్బాస్ కళ్ళు మూసుకుని గుల్షన్ మొహం తలుచుకుందామని చూశాడు. పక్కాయన మొహమే వచ్చింది. ఇంటర్వెల్‌లో లేచి బయటికి వచ్చేశాడు. ఆ రోజు ఒక్క చుక్క కూడా రాలేదు. ఛాతీలో బండ పెట్టినట్టుంది. ఈ లోకంలో తనకు మిగిలిన ఆ ఒక్క చీకటి చోటు కూడా పోయింది, పోగొట్టింది తన నోరే.

ఆటో స్టాండుకు పోయి లింగ్యాను పట్టుకున్నాడు.

"ఆ సినిమా మంచిగలేదని చెప్పు అందరికి. ఎవ్వరిని పోవద్దను."

"ఎందుకు చాచా? నువ్వే గద..."

"వద్దంటె వద్దు. గాడికి పోయినకాంచి నా పాణమే మంచిగుంటలేదు."

లింగ్యా మొహం పాలిపోయింది. ఇది అందరికీ చెప్పాల్సిన సంగతే అని అతనికి తోచింది. పేరు చెప్పకుండానే చెప్పాడు. పొద్దు గూకేసరికి ఊరు ఊరంతా ఒకటే మాట: ఆ సినిమా చూసిన పెద్దమనిషికి పాణం మీదికొచ్చిందట, గుండె కమజోరున్నోళ్ళు పోవద్దట. మంగళవారం పొద్దుటి ఆటకు హాలు సరిపోలేదు. గుండె కమజోరున్నవాళ్ళే ముందు వచ్చి కూర్చున్నారు. తమ గుండె ఎంత గట్టిదో తేల్చుకునే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుందో అని వాళ్ళ భయం.

మంగళవారం సాయంత్రం ఈ సంగతి అబ్బాస్ ఇంటికి చేరింది. మానుకోట నుంచి మానుకోటకు రావడానికి అది జనగామ మీదుగా తిరిగి వచ్చింది. గుల్షన్ అక్క కైసర్ జనగామ మనిషి. చెల్లెలు పోయిన రోజు వచ్చి ఇక్కడే ఉంది. జనగామలో ఆమె పక్కింటావిడ ఫోన్ చేసి, మీ మానుకోటలో ఏదో గొప్ప సినిమా ఆడుతున్నదట కదా, భార్యకు ఏడ్వని టైలరెవరో దానికి ఏడ్చాడట కదా అని అడిగింది. కైసర్ ఫోను పెట్టేసి గది మధ్యలో నిలబడింది. ఆ ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. మన మాటలో రాస్తున్నాను గానీ, ఆమె గొంతులోని కారం ఇందులోకి రాదు.

"అబ్బాస్ మియా! నా చెల్లె మీద మన్ను ఇంక ఆరలే. నువ్వు సినిమాలకు పోతున్నవా?"

మిగతా చుట్టాలంతా టీ కప్పులు నోటి దగ్గరే ఆపేశారు.

"పోయిన" అన్నాడు అబ్బాస్. దేవుడి ముందు నమాజు చేసే నోటితో అబద్ధం ఎన్నని ఆడతాడు?

"పోయి ఏడ్చినవా?"

"ఏడ్చిన."

"తౌబా తౌబా! దయ్యాన్ని చూసి!"

వంటింటి గడపలో హఫ్సా నిలబడి ఉంది. చాలా నెమ్మదిగా మాట్లాడింది. అరిచినా బాగుండునని అబ్బాస్‌కు అనిపించింది.

"ఆ దినం నేను దర్వాజల నిలబడి చూసిన అబ్బా. అమ్మీకి బట్ట కత్తిరిస్తుంటె నీ చెయ్యి వణకలే. పోనీలే, అబ్బా గట్టి మనిషి, ఆయనకు కన్నీళ్ళే రావు అని మనసుకు చెప్పుకున్న. ఇయ్యాల తెలిసింది. నీకు గూడ కన్నీళ్ళొస్తయి. అమ్మీ కోసమే రాలే."

అబ్బాస్ నోరు తెరిచాడు. కళ్ళు నిండాయి. సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి "సబర్ కరో మియా" అన్నారు. ఇంకొకరు టీ తెచ్చి చేతిలో పెట్టారు. కప్పు పట్టుకుని తలెత్తేసరికి గడపలో కూతురు లేదు.

బుధవారం పొద్దున హఫ్సా సంచి సర్దుకుంది. మధ్యాహ్నం బస్సుకు భూపాలపల్లి పోతానంది. నలభయ్యో రోజుకు వస్తావు కదా అని కైసర్ అడిగితే, "చూస్త ఖాలా, సెలవు దొరికితె" అంది. తల్లి నలభయ్యో రోజు చెహలుంకు సెలవు దొరక్కపోవడం ఏమిటో అక్కడున్న అందరికీ అర్థమైంది. చెప్పులు తొడుక్కుంటూ ఇంకో మాట కూడా అంది. "పోయేటప్పుడు ఆ సినిమా చూసి పోత. మా అమ్మీల లేనిది అండ్ల ఏమున్నదో చూడాలె."

అబ్బాస్ గొడుగు కూడా తీసుకోకుండా వెనకాలే పరిగెత్తాడు. అరవై దాటిన మనిషి ముసురులో పరిగెడుతుంటే బజారంతా నిలబడి చూసింది. ఆగలేకపోతున్నాడు పాపం, మళ్ళీ సినిమాకే, అనుకున్నారు జనం. కొందరు వెంట నడిచారు కూడా.

హాల్లో జనం చూడగానే లేచి దారి ఇచ్చారు. హఫ్సా పక్క సీటును కిషన్ ఎవరినో లేపి ఖాళీ చేయించాడు. కనకలక్ష్మి వెనక వరుసలోనే ఉంది, ఇది ఆమెకు మూడోసారి. ఈసారైనా ఏడ్వగలనేమోనని వచ్చింది. లింగ్యా, రుక్కి గోడకు ఆనుకుని నిలబడ్డారు. దీపాలు ఆరాయి. దయ్యం పళ్ళు చూపించింది. మూడువందల మంది జనం శవం దగ్గర కూర్చున్నట్టు మెదలకుండా కూర్చున్నారు. పెళ్ళిళ్ళ పేరయ్య మెట్ల మీది నుంచి జారాడు. "అయ్యో" అంది ఎవరో ముసలామె.

హఫ్సా తెర మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది. "ఏ సీను అబ్బా?"

"నాకు తెల్వది బేటా."

"తెల్వకపోవుడేంది?"

"నేనొక్క సీను గూడ చూళ్ళే. దయ్యమున్నదని గూడ పోస్టరు చూసే తెలిసింది."

ఆమె అతని వైపు తిరిగింది. అబ్బాస్ గొంతు తగ్గించి, ఎదురుగా ఉన్న సీటు వీపుకు చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"ఇంట్ల కండ్లు తడిస్తె టీ ఇస్తరు. దుకాణంల ప్యాంట్లడుగుతరు. ఇక్కడ చీకటుంటది, చప్పుడుంటది. ఎవ్వలు అడుగరు. జియారత్ తెల్లారి నుంచి దినాం వచ్చి మీ అమ్మీ కోసం ఏడ్చి పోతున్న. లింగ్యా చూసిండు. ఏం చెప్పాల్నో తోచక సినిమా మంచిగున్నదని చెప్పిన. గంతే బేటా నేను చేసింది."

హఫ్సా ఒళ్ళోని సంచి తీసి కింద పెట్టింది.

"ఆ దినం కత్తెర చేతిల పెట్టిండ్రు. పెట్టినంక చెయ్యి దాని పని అది చేసింది. ముప్ఫై నాలుగేండ్లు మీ అమ్మీ బట్టలు నేనే కుట్టిన. టేపెందుకు నాకు? ఒక్క అంగుళం తప్పుపోలే. తప్పుపోతె మంచిగుండు అనిపించింది బేటా. మళ్ళ కత్తిరించేదాక ఇంకో గడియ ఇంట్ల ఉంచుకుందుము."

హఫ్సా అతని చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళకు కత్తెర కాయలు ఎప్పటివో గట్టిపడి ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక ఇద్దరూ తెర వైపు చూశారు. పది రోజులకు పైగా ఆ హాలుకు వస్తున్న అబ్బాస్ ఆ తెరను చూడడం అదే మొదలు.

తెర మీద దయ్యం పెళ్ళివారికి టీ అందిస్తూ చెయ్యి ఎత్తింది. అబ్బాస్ సీట్లో ముందుకు వంగాడు.

"ఆ జాకెట్టు ఎవడు కుట్టిండు?"

"ఏంది అబ్బా?"

"చంకల ముడుతలు చూడు. ఎడమ చెయ్యి కుడి దిక్కు కుట్టిండు. కుడి చెయ్యి ఎడమ దిక్కు కుట్టిండు. గందుకే సచ్చి దయ్యమైంది ఆ పిల్ల. గసుంటి జాకెట్టు తొడుక్కుంటె ఎవలైనా సస్తరు."

హఫ్సాకు నవ్వొచ్చింది. పదిహేడు రోజుల తర్వాత వచ్చిన నవ్వు. తల్లి పోయిన ఇంటి మనిషి నలుగురిలో నవ్వకూడదని దుపట్టా నోట్లో కుక్కుకుంది. దాంతో ఇంకా ఎక్కువైంది. ఆమెను చూసి అబ్బాస్ కూడా రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆపుకుందామన్న కొద్దీ ఇద్దరి భుజాలూ ఎగిరెగిరి పడ్డాయి.

వెనక ఉన్న మూడువందల మందికి కనిపించింది ఆ భుజాలు మాత్రమే.

"గిదే! గిదే సీను!" అని లింగ్యా గోడ దగ్గర నుంచి గట్టిగా గుసగుసలాడాడు. తెర మీద దయ్యం జుట్టు సీలింగు ఫ్యానులో చిక్కుకుంది. హాలు మొత్తం ఒక్కసారిగా ఏడ్చింది.

మొదట అందరూ ఏడ్చినట్టు చేశారు, దాచడమెందుకు. నాలుగు రోజులుగా పట్టుకు తిరుగుతున్న తువ్వాళ్ళు కళ్ళకు పెట్టుకున్నారు. కానీ చీకట్లో, మొహం కనబడని చోట, చుట్టూ అందరూ ఏడుస్తున్నప్పుడు, చెయ్యడం ఎక్కడ ఆగి ఏడ్వడం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ కనిపెట్టలేరు. కరోనాలో మొగుడు పోతే మొహం కూడా చూపించకుండా తీసుకుపోయారు కనకలక్ష్మికి. అప్పుడు ఏడ్వడానికి పక్కన ఒక్కరూ రాలేదు. ఇప్పుడు ముందు సీటు పట్టుకుని గొల్లున ఏడ్చింది. కూలికని పుణె పోయి తిరిగిరాని అన్న లింగ్యాకు గుర్తొచ్చాడు. రుక్కి ఎవరి కోసం ఏడ్చిందో ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర కిషన్ చేతిలో టార్చిలైటు ఆర్పేసి మెట్టు మీద కూర్చున్నాడు.

అబ్బాస్ రుమాలు తీసి చుట్టూ చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఊరంతా తన గుల్షన్ కోసమే ఏడుస్తున్నట్టుంది. అప్పుడు అతనికి ఏడుపొచ్చింది. నోరు మూసుకోలేదు, మొహం దాచుకోలేదు, కూతురి భుజం మీద తల పెట్టి పెద్ద గొంతుతో ఏడ్చాడు. హఫ్సా కూడా ఏడ్చింది. ఒక్కరూ సబర్ అనలేదు. ఒక్కరూ టీ తేలేదు. ఎవరి ఏడుపు వాళ్ళకే సరిపోయింది.

ఆ మధ్యాహ్నం భూపాలపల్లి బస్సు హఫ్సా లేకుండానే పోయింది. తండ్రీ కూతుళ్ళు వాచిన కళ్ళతో కలిసి ఇంటికి వచ్చేసరికి కైసర్ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"చూసినవా? అంత ఏమున్నది అండ్ల?"

హఫ్సా తండ్రి వైపు ఒకసారి చూసింది.

"చెప్తె తెల్వది ఖాలా. నువ్వు గూడ ఒకసారి చూడాలె."

"తౌబా! నేనా? నా చెల్లె పోయి నెల గూడ గాలే!" అని కైసర్ చెంపలు వేసుకుంది. ఆమె కూడా ఈ పదిహేడు రోజులుగా వచ్చినవాళ్ళందరికీ సబర్ చెప్తూ, చెల్లెలి కోసం ఒక్కసారి కూడా ఏడ్వని మనిషే. కాసేపు వాన వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఎన్ని గంటలకు ఆట?"

ఇంకో వారం ఆడి ఆ సినిమా పోయింది. దాని తర్వాత వచ్చిన సినిమాలో తల్లి, తండ్రి, కుక్క ముగ్గురూ చనిపోయారు, హాల్లో ఎవరికీ ఒక్క చుక్క రాలేదు.